తీర్థం బొమ్మ

మొన్న దసరా వెళ్లిన మర్నాడు ముత్తంగి కూడలి దగ్గర బండ్లన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయి, నేనూ మా ఆవిడా కారులో కూర్చుని ముందున్న ట్యాంకర్ వీపు చూసుకుంటూ కాలక్షేపం చేస్తూ ఉండగా, ఆమె కుడిచెయ్యి తనంతట తానే లేచి, బస్సులో వెళ్తూ గుడి కనబడితే మనమంతా చేసినట్టే, కళ్లకు అద్దుకుంది. ఎదురుగా గుడి లేదు, గోపురం లేదు. ఉన్నదల్లా యాసిడ్ ట్యాంకరు, దాని వెనుక మూల మీద నిలబెట్టిన తెల్లటి పలక, ఆ పలక మీద రెండు గాజు గొట్టాల్లోంచి చుక్కలు కారుతుంటే కింద చాచి ఉన్న ఒక చెయ్యి బొమ్మ. నేను చూశానని తెలిసి ఆవిడ కళ్లజోడు సర్దుకుంటున్నట్టు నటించింది. నేనూ చూడనట్టు నటించాను. ఇన్నేళ్లు ఒకే కప్పు కింద బతికినవాళ్లకు ఇలాంటి నటనలు బాగా వస్తాయి.

నా మాటల్లో సగం తీసేసి, మిగిలిన సగాన్ని మళ్లీ సగం చేసుకుని వినాలని ఆవిడ మా చుట్టాలందరికీ ముందే చెప్పి పెట్టింది. జహీరాబాద్ రోడ్డు మీద నా లారీని చిరుతపులి తరిమిన కథలో ఆ పులి ఏటేటా కాస్త ఒళ్లు చేస్తూ వస్తున్న మాట నిజమే. కానీ ఇప్పుడు చెప్పబోయే దాంట్లో పెంచడానికి నాకేమీ మిగల్లేదు, జరిగిందే సరిపోయింది. పైగా దీనికి సాక్షి ఆవిడే.

మీలో ఆ కాలంవాళ్లకు పటాన్‌చెరు వాసన గుర్తుండే ఉంటుంది. సంగారెడ్డి నుంచి వచ్చే బస్సులో నోరు తెరుచుకుని నిద్రపోతున్నవాడు కూడా ముక్కుతోనే స్టాపు గుర్తుపట్టి లేచేవాడు. గాలి ఒకరోజు కుళ్లిన కోడిగుడ్డులా, ఒకరోజు మందుల దుకాణంలా, ఒక్కోరోజు ఎందుకో మాగిన మామిడిపండులా ఉండేది. ఆ మామిడిపండు వాసన వచ్చిన రోజే ఎక్కువ భయపడాలని మా మేనమామ అనేవాడు. మా పొలాలన్నీ ఫ్యాక్టరీల కిందికి పోయి, జొన్న పండిన చోట గోడలు లేచాక, ఊళ్లో కొందరు ఆ గోడల బయట వాచ్‌మన్లయ్యారు, కొందరు ఆ గోడల లోపల పనికి కుదిరారు. మా మామ మాత్రం నాగలి పట్టిన చేతికి స్టీరింగే దగ్గరి చుట్టమని చెప్పి ఒక పాత ట్యాంకర్ కొన్నాడు, ఒక ఫ్యాక్టరీకి గంధకామ్లం, అంటే సల్ఫ్యూరిక్ యాసిడ్, మోయడానికి కుదిరాడు. ఆయన ముంజేతుల మీద పాలు చిందినట్టు తెల్లటి మచ్చలు ఉండేవి. యాసిడ్ పైపు విప్పేటప్పుడు పడిన తుంపర్లవి. ఏమిటవని ఎవరైనా అడిగితే దోమలు కుట్టాయని చెప్పేవాడు. గొప్పలు చెప్పే గుణం నాకు ఎటునుంచి వచ్చిందో దీన్నిబట్టి మీరే ఊహించుకోవచ్చు.

ఆయన పక్క సీట్లో కూర్చునే నేను బండి నేర్చుకున్నాను, పెద్ద బండ్ల లైసెన్సు తెచ్చుకున్నాను, ఆయన కూతురినే చేసుకున్నాను. కాబట్టి ఈ కథలో మా ఆవిడంటే మామ కూతురు, అత్తంటే ఆవిడ తల్లి. మా ఇళ్లలో ఇదొక సుఖం, చుట్టరికాలు ఎక్కువైనా మనుషులు తక్కువ.

ఇక ఆ బొమ్మ సంగతి. ఫ్యాక్టరీవాళ్లు ఒకరోజు మా బండి వెనుక రేకు పలక ఒకటి బిగించి పంపారు. పైన ఇందాక చెప్పిన బొమ్మ, కింద ఇంగ్లీషులో ఏవో అక్షరాలు, అంకెలు. బండి ఇంటి ముందు ఆగగానే అత్త వచ్చి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ దాన్ని కిందికీ మీదికీ చూసింది. చాచిన చెయ్యి, అందులో పడుతున్న చుక్కలు. ఆమెకు అనుమానం ఎందుకు కలగాలి, పుట్టినప్పటినుంచీ గుళ్లో పూజారి ముందు అలాగే చెయ్యి చాచిన మనిషి.

“సూసినవా, కంపెనీ దొరలకు గూడ దేవుడంటే భయముంది” అని మామతో అన్నది. “తీర్థం బొమ్మ ఏయించిన్రు.”

అని ఊరుకోకుండా లోపలికి వెళ్లి కుంకుమ బరిణె తెచ్చి, ఆ బొమ్మలోని అరచేతి నడుమ ఒక బొట్టు పెట్టింది. అప్పటినుంచి ప్రతి శుక్రవారం మా ట్యాంకర్‌కు ఆ బొట్టు పడాల్సిందే. మామ దాన్ని కళ్లకు అద్దుకోకుండా బండెక్కేవాడు కాదు. మా ఆవిడకు ఆ అలవాటు అక్కడినుంచే వచ్చింది. ఆ బొట్టు పడ్డాక మా బండికి టైరు పంక్చర్ కాలేదని మామ లారీల అడ్డా అంతా చెప్పుకునేవాడు. అయిన పంక్చర్లన్నీ నేను నడిపినప్పుడు అయినవి కాబట్టి లెక్కలోకి రావు. అత్త జ్వరంతో హఠాత్తుగా పోయిన తర్వాత ఆ శుక్రవారపు పని మామ తనే తీసుకున్నాడు. ఆడవాళ్లు పెట్టే బొట్టు మొగాయన పెడుతున్నాడని అడ్డాలో ఎవరో నవ్వితే, “గామె వెట్టిన బొట్టు, నేనైతే ఎండనియ్య” అని ఒక్క మాట అని రుమాలు దులుపుకున్నాడు. మళ్లీ ఎవరూ నవ్వలేదు.

తొంభైల నడిమి కాలంలో, మా బతుకు ఇలా సాగుతుండగా, ఫ్యాక్టరీ గేటు దగ్గర కబురు తెలిసింది. ప్రమాదకరమైన సరుకు మోసే డ్రైవర్లంతా ప్రత్యేకంగా శిక్షణ పొందాలి, పరీక్ష పాసై ఆ ముద్ర లైసెన్సు మీద వేయించుకోవాలి, ఇంగ్లీషు చదవడం రావాలి. రూలు ముందునుంచీ ఉన్నదేనట. ఇప్పుడు గట్టిగా పట్టుకున్నారు. దసరా పండగ వెళ్లాక ముద్ర లేనివాడి బండికి గేటు తెరవరు.

ఇందులో భయపడాల్సింది ఏముందని మీకు అనిపించవచ్చు, ఆ గేటు కాకపోతే ఇంకో గేటు. కానీ ట్యాంకర్ సంగతి మామూలు లారీ వంటిది కాదు. ఇసుక దించిన లారీలో రేపు ఉల్లిగడ్డలు ఎత్తవచ్చు. యాసిడ్ మోసిన ట్యాంకర్లో పాలు పోస్తారా, నూనె పోస్తారా, కనీసం తోటకు నీళ్లు పోస్తారా? యాసిడ్ మోయాలి, లేదా పాత ఇనుము దుకాణానికి పోవాలి, దానికి మూడో దారి లేదు. మామకు అక్షరం ముక్క రాదు. ముద్ర నా లైసెన్సు మీద పడాలి, లేకపోతే ఆయన పెద్దకూతురిలా చూసుకునే ఆ బండి సమ్మెట దెబ్బలు తినాలి. ఆయన మాత్రం గేటు దగ్గర నా భుజం తట్టి, “మాకేం ఫికరు లేదు సార్, మా అల్లుడు పది దాంక సదివిండు” అని ధీమాగా చెప్పి వచ్చాడు. “దాంక” అన్న మాట నిజమే. ఆ పదిలో నన్ను పట్టుకుని కదలనివ్వకుండా చేసిన సబ్జెక్టు ఏదో ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు.

అప్పుడు మేం ముగ్గురం పటేల్‌గూడలో కిరాయి ఇంట్లో ఉండేవాళ్లం. పక్క వాటాలో గుంటూరు వైపు నుంచి వచ్చిన కుటుంబం, ఆయనకు పెద్ద ప్లాంటులో ఉద్యోగం, ఆవిడ సాయంత్రాలు వాకిట్లో చాప పరిచి పిల్లలకు ట్యూషన్ చెప్పేది. ఇంకో దారి తోచక నేను ఆ చాప చివర కూర్చున్నాను. నా ముందు కూర్చున్నవాళ్లంతా నా మోకాలి ఎత్తు కూడా లేరు. నా చెప్పులు వాళ్ల చెప్పుల మధ్య ఒడ్డుకు చేరిన పడవల్లా ఉండేవి. మొదటిరోజు పెన్సిలు పట్టుకుంటే మొన విరిగింది, రెండోది పట్టుకుంటే పెన్సిలే విరిగింది. టీచరమ్మ కోప్పడలేదు.

“ఏమండీ, అంత పెద్ద బండి మీ చేతి మాట వింటుంది కదా, ఇంత పెన్సిలు వినదా?” అన్నది. “కాస్త నెమ్మదిగా పట్టుకోండి, అదేం గేరు రాడ్డు కాదు.”

పిల్లలు పడిపడి నవ్వారు. నేనూ నవ్వాను. బండి వెనుక పలక మీద ఉన్న అక్షరాలన్నీ నేనొక కాగితం మీద బొమ్మ గీసినట్టు గీసి తెచ్చాను. వాటితోనే మొదలుపెట్టమన్నాను, పరీక్షలో బండి మీదున్నది చదవమంటారని విన్నాను కాబట్టి. నాకు జ్ఞాపకశక్తి ఎక్కువ, ఒకసారి విన్న అబద్ధం కూడా మరిచిపోను. రెండు రోజుల్లో అంతా గడగడా అప్పజెప్పేశాను. ఆవిడ చిరునవ్వు నవ్వి, ఒక మాట మీద చెయ్యి అడ్డంపెట్టి, మరో మాట మీద వేలు పెట్టి, ఇది చదవండి అన్నది. నేను మొదటినుంచి మొదలుపెడితే తప్ప చెప్పలేకపోయాను.

“ఇది చదవడం కాదండీ, పాట పాడటం” అన్నది. “పాట మీకు వస్తుంది. చదువు రావాలి.”

మళ్లీ ఏ, బీ, సీల దగ్గరికి వచ్చాం.

ఆ రోజుల్లో నాకు పట్టిన బెంగ ఇంతా అంతా కాదు. బండి నడుపుతూ ఎదురొచ్చే ప్రతి బోర్డూ కూడబలుక్కునేవాడిని, ఒకసారి బొల్లారం మలుపు దగ్గర సబ్బు ప్రకటన చదువుతూ చదువుతూ ఆ బోర్డు స్తంభాన్నే గుద్దబోయాను. శిక్షణ కేంద్రంవాళ్లు ఇచ్చిన పుస్తకంలో ప్రమాదాలన్నీ మూల మీద నిలబడ్డ పలకల్లో ఉండేవి: మంట ఒకదాంట్లో, పుర్రె ఒకదాంట్లో, పేలుడు ఒకదాంట్లో. చివరకు మిఠాయి దుకాణంలో బర్ఫీ ముక్కలు చూసినా, వాటి మీద ఏ బొమ్మ ఉండాలా అని ఆలోచించే స్థితికి వచ్చాను. అన్నం సహించేది కాదు. మా ఆవిడ మొదట జాలిపడింది, తర్వాత విసుక్కుంది.

“ఏందయ్య గంత పరేషాన్” అన్నది ఒకరోజు, కంచం ముందు నేను అన్నం కెలుకుతూ కూర్చుంటే. “చిరుతపులికి ఇంగ్లీషుల చెప్తే తోక ముడిచి పోయిందంటివి గదా. గదే ఇంగ్లీషు పరీక్ష సార్‌కు గూడ చెప్పు.”

మామ గోడకు ఆనుకుని పకపకా నవ్వాడు. ఆ నవ్వు చూస్తే నా బెంగ ఇంకా పెరిగింది. ఆయన నాకోసం కొంచెమైనా భయపడితే బాగుండునని, ఆ భయంలో సగం ఆయన మోస్తే నా సగం తేలికవుతుందని అనుకునేవాడిని.

పండక్కి ముందు శిక్షణ తరగతులు మొదలయ్యాయి. పెద్ద రేకుల గది, పొడవాటి బల్లలు, దేశంలోని అన్ని భాషల్లోనూ దగ్గే డ్రైవర్లు. చెప్పే సారు సన్నగా, ఎండుమిరపకాయలా ఉండేవాడు, గొంతు మాత్రం గది చివర నిద్రపోయేవాడి చెవి దాకా వెళ్లేది. యాసిడ్ కారితే నీళ్లు పోయకూడదని, పొడి ఇసుక, మట్టి కట్టలా వేయాలని, జనాన్ని గాలి వీచే వైపు నిలబడనివ్వకూడదని చెప్పాడు. లారీవాడికి ఏది కాలినా, ఏది కారినా మొదట నీళ్ల బకెట్టే గుర్తొస్తుంది కాబట్టి ఆ ఒక్క ముక్క మాతో మళ్లీ మళ్లీ అనిపించాడు. తర్వాత గోడ మీద పటాలు ఒక్కొక్కటే చూపిస్తూ వచ్చి, మా బండి మీదున్న బొమ్మ దగ్గర ఆగాడు.

ఆ చుక్కలు యాసిడ్ అట. ఆ చెయ్యి కాలుతున్నదట. అరచేతి పక్కన పొగలా గీసిన గీతలు, ఇన్నేళ్లూ మేం పూజారిగారి అగరొత్తి పొగ అనుకున్నవి, తోలు కాలే పొగట. చూసినవాడు ఎవడైనా, అక్షరం రానివాడైనా, తన చెయ్యి వెనక్కి లాక్కోవాలని అలా గీశారట. నా పక్కనున్నవాళ్లు తలలాడించి కాగితం మీద రాసుకున్నారు. నేను నా అరచెయ్యి చూసుకున్నాను. బల్ల కింద దాచుకున్నాను. ఒక్క క్షణం నవ్వు తన్నుకొచ్చింది, తర్వాత అత్త కుంకుమ బరిణె పట్టుకుని బండి వెనుక మునివేళ్ల మీద నిలబడటం గుర్తొచ్చి ఆ నవ్వు ఎటుపోయిందో తెలియలేదు.

ఇంటికి వచ్చి మా ఆవిడకు చెప్పాను. ఆమె చాలాసేపు పొయ్యి మీద పప్పు కలుపుతూనే ఉండిపోయింది. అది ఎప్పుడో ఉడికిపోయింది.

“నాయనకు చెప్పకు” అన్నది చివరికి.

చెప్పనన్నాను. అప్పటికి పరీక్ష భయం ఒక్కటే ఉన్నవాడికి ఇప్పుడు ఇంకో భయం తోడైంది. మామ బండెక్కే ముందు ఆ చేతిని కళ్లకు అద్దుకుంటున్నప్పుడల్లా నేను అద్దం తుడిచే వంకతో అటు తిరిగేవాడిని.

దసరా వచ్చింది. పరీక్ష మర్నాడు. ఆ రోజు పాలపిట్టను చూస్తే కోరింది అవుతుందని మనకు నమ్మకం కదా, నా కోసం మామ పొద్దున్నే నన్ను ఎక్కించుకుని బయల్దేరాడు. ఫ్యాక్టరీల మధ్య పాలపిట్ట ఎక్కడ దొరుకుతుంది, పొగ గొట్టాల మీద కాకులు కూడా ముక్కు మూసుకుని కూర్చునేవి. కొల్లూరు వైపు అప్పట్లో అన్నీ పొలాలే. అక్కడ కరెంటు తీగ మీద ఒకటి కనబడితే, అది తలతిప్పి నా వైపు చూసేదాకా మామ బండిని ముందుకూ వెనక్కూ నడుపుతూనే ఉన్నాడు. పాలపిట్ట కోసం యాసిడ్ ట్యాంకర్‌ను పొలం గట్ల మీద నడిపిన మనిషి ఆయనొక్కడే అని నా నమ్మకం. ఇందులో పెంచింది గట్టు ఎత్తు మాత్రమే.

సాయంత్రం నేను టీచరమ్మ వాకిట్లో ఆఖరి పాఠం చదువుతుంటే ఆయన బండికి ఆయుధపూజ చేశాడు. జమ్మి ఆకు తెచ్చి నా జేబులో పెట్టాడు. మర్నాడు పొద్దున నేను అలవాటు ప్రకారం టైర్లు తట్టుకుంటూ బండి చుట్టూ తిరగబోతే, “నేను అంత సూసిన, నువ్వెక్కు, జల్దీ పోదాం” అన్నాడు. పరీక్ష ధ్యాసలో నేను ఎక్కేశాను. డ్రైవర్ అయినవాడు బండి చుట్టూ తిరగకుండా ఎక్కకూడదని నాకు నేర్పింది ఆయనే.

గదిలో జరిగిన పరీక్ష గట్టెక్కింది. సారు చూపించిన కాగితం నేను కూడబలుక్కుంటూ, మధ్యలో చెమట తుడుచుకుంటూ చదివాను. పాట పాడలేదు, చదివాను. ఆయన తల ఊపి, పద నీ బండి చూద్దాం అన్నాడు. బయట ఆవరణలో మా ట్యాంకర్, దాని పక్కన తెల్ల ధోతి, భుజం మీద రుమాలుతో మామ. బండి వెనక్కి నడిచి చూద్దును కదా, పలక లేదు. అంటే ఉన్నది గానీ, దాని నిండా నూనె కలిపిన సిందూరం మందంగా పూసి ఉంది, దాని మీద పసుపు, దాని మీద బంతిపూల దండ. ఏ పండక్కైనా ఒక బొట్టుతో సరిపెట్టే మామ, ఈసారి నా పరీక్ష అని, అమ్మవారికి బాగా కనబడాలని, ఉన్నదంతా పూసేశాడు. రాత్రంతా ఆరి అది గట్టిపడి పెచ్చులా తయారైంది. ఆయన నాకోసం భయపడటం లేదని అనుకున్నాను చూశారా, ఆ భయమంతా అక్కడుంది.

“ఇదేంది?” అన్నాడు సారు.

“నిన్న పండగ, సార్.”

“పండగ మా ఇంట్ల గూడ అయింది. బండిల ఏముంటది, సదువు.”

నేను గుర్తున్నదంతా మొదటినుంచి చివరి దాకా అప్పజెప్పాను, సరుకు పేరు, అంకెలు, ఫోన్ చేయాల్సిన నంబరు. ఒక్క తప్పు కూడా పోలేదు. ఆయన పూర్తిగా విని, దండను రెండు వేళ్లతో పక్కకు జరిపి చూశాడు.

“నీకు తెలుసు, సరే. నువ్వు సీట్ల సోయి లేకుంట పడున్నవనుకో. యాసిడ్ కారుతున్నది. ఊరోళ్లు మంచోళ్లు, బిందెలతోని నీళ్లు వట్టుకొని ఉరికొచ్చిన్రు. ఇగ వాళ్లకు ఎవరు సదివి చెప్పాలె?”

ఎప్పుడూ ఏదో ఒక కథ నాలుక చివర ఉండే నేను, ఆ దండలోని బంతిపూలు లెక్కపెడుతూ నిలబడ్డాను.

“గా కుంకుమ కింద బొమ్మేందో చెప్పు” అన్నాడు సారు.

నేను మామ వైపు చూశాను. ఆయన ముఖం వెలిగిపోతోంది. ఇప్పటిదాకా అడిగినవన్నీ ఆయనకు అందని సంగతులు, ఇది మాత్రం తెలుసు. నేను మరిచిపోయానేమో అని, సారు చూడకుండా, దోసిలి పట్టి తాగినట్టు పెదవుల దగ్గరికి చెయ్యి తీసుకెళ్లి నాకు సైగ చేశాడు. తీర్థం, అల్లుడా, తీర్థం.

అంత కష్టమైన ప్రశ్న నన్ను జీవితంలో ఎవరూ అడగలేదు. చెప్పకపోతే బండి పోతుంది. చెబితే ఏం పోతుందో నాకు తెలుసు.

“చెయ్యి కాలుతున్నది, సార్” అన్నాను. “యాసిడ్ పడి.”

మామ చెయ్యి పెదవుల దగ్గరే ఆగిపోయింది. తర్వాత మెల్లగా దించి, ఆ చేతిని, ముంజేతి మీది తెల్లమచ్చలను, ఎవరిదో చెయ్యి అన్నట్టు చూసుకున్నాడు. సారు వైపు గానీ నా వైపు గానీ చూడలేదు. బండి ముందుకు వెళ్లి, సీటు కింద డబ్బాలోంచి రుమాలు మీద డీజిల్ వంపుకుని తిరిగొచ్చాడు. “జెర జరుగు” అన్నాడు.

కుంకుమ తుడవడం అనే మాట మా ఇళ్లలో నోటితో కూడా అనరు. ఆయన దండ తీసి భుజాన వేసుకుని, అంచుల దగ్గర మొదలుపెట్టి, అక్షరం తర్వాత అక్షరం బయటికి వచ్చేలా తుడుస్తూ పోయాడు. చివరికి అరచెయ్యి మిగిలింది. అక్కడ పైపూత పోయాక, కింద పాతది, రేకులోకి ఇంకిపోయి గోధుమరంగుకు తిరిగిన బొట్టు ఒకటి ఉంది. అది అత్త చేతిదో, తర్వాత ఆయన పెట్టినవాటి అడుగో చెప్పలేను. దానికి ఆయన రుమాలు వాడలేదు. బొటనవేలితో రుద్దాడు, చాలాసేపు. ఆ వేలిని తన నుదుటికి అద్దుకుని పక్కకు తప్పుకున్నాడు.

“ఇప్పుడు సదువు” అన్నాడు సారు, గొంతు తగ్గించి.

చదివాను. ఒక మాట మీద చెయ్యి అడ్డంపెట్టి ఇంకో మాట అడిగినా చెప్పేవాడిని. సారు తన కాగితం మీద ఏదో రాసుకున్నాడు, పాసైనట్టే పో అన్నాడు. ఎన్ని రోజుల నుంచో ఆ మాట వింటే ఎగిరి గంతేయాలని అనుకున్నవాడిని, నమస్కారం పెట్టడం కూడా మరిచిపోయాను.

తిరిగొచ్చేటప్పుడు నేను నడుపుతుంటే మామ కిటికీ బయటికి చూస్తూ కూర్చున్నాడు. ముత్తంగి దాటాం. తర్వాత, అంతసేపూ మనసులో జరుగుతున్న మాటల్లో ఆఖరిది మాత్రం బయటికి వచ్చినట్టు, నెమ్మదిగా అన్నాడు.

“మీ అత్తకు మాత్రం చెప్పకు, అల్లుడా.”

ఆమె పోయి అప్పటికి ఏళ్లయింది. చెప్పను మామా అన్నాను.

ముద్ర పడింది, గేటు తెరుచుకుంది, బండి ఇంకొన్నాళ్లు నడిచింది. మామ శుక్రవారపు బొట్టు మానలేదు, కానీ పలక కింద, బంపర్ మీద పెట్టేవాడు. అడ్డాలో ఎవరైనా పండక్కి పలక మీద దండ వేస్తే, దగ్గరికి వెళ్లి దాన్ని కిందికి జార్చి, “గది బండి మొగంరా, మొగం మీద ముసుగేస్తరా” అని కసిరేవాడు. మొదట నవ్వినవాళ్లే తర్వాత అలా కట్టడం అలవాటు చేసుకున్నారు. చెయ్యి ఎందుకు కాలుతున్నదో ఆయన వాళ్లకు చెప్పగా నేను వినలేదు. ఆ తర్వాత ఆయనా వెళ్లిపోయాడు, బండీ పాత ఇనుము దుకాణానికే వెళ్లింది. కాకపోతే దాని ఆయువు తీరాక వెళ్లింది.

ఇప్పుడు ఆ పరీక్షకు కుర్రాళ్లు ఫోన్లో చదువుకుంటున్నారట. మంచిదే, నాలా చాప మీద మోకాళ్లు నొప్పెట్టుకోనక్కర్లేదు. బొమ్మలు కూడా రేకు మీద కాదు, అంటించే కాగితాలు, మాసిపోతే పీకి కొత్తది వేస్తారు. మా రోజుల్లో ఏ బండి ఎవరిదో, దాంట్లో ఏముందో, నడిపేవాడి ఇంట్లో ఏం కూర వండారో కూడా దారి పొడుగునా తెలిసేది. ఇవాళ ఈ రోడ్డు మీద నడిపేవాడు ఏ రాష్ట్రంవాడో, రేపు ఎక్కడుంటాడో తెలియదు, అడిగే తీరికా లేదు. మనిషి మాట్లాడలేనప్పుడు బొమ్మ మాట్లాడాలనేదే ఆ రోజు సారు మాటలకు అర్థం. ఇప్పుడు మనుషులు మాట్లాడగలిగి ఉన్నా బొమ్మలే మాట్లాడుతున్నాయి.

మొన్న ముత్తంగిలో మా ముందున్న ట్యాంకర్‌కు కూడా దసరా దండ ఉంది. పలకకు తగలకుండా, సరిగ్గా దాని కింద, బంపర్‌కు కట్టి ఉంది. ఈ దేశంలో దండను అలా కిందికి కట్టే పద్ధతి మన ఇంటినుంచే మొదలైందని, కాశ్మీరం దాకా పాకిందని నేను మా ఆవిడతో అన్నాను. మామూలుగా అయితే నా మాటలో సగం, ఆ సగంలో సగం తీసేసే మనిషి. ఈసారి ఏమీ తీసేయలేదు. ముందు బండ్లు కదిలేదాకా ఆ శుభ్రమైన తెల్లటి పలకనే చూస్తూ కూర్చుంది. అలా ఉండడమే సరైన పద్ధతి, నేనే పరీక్ష పాసైనవాడిని, నాకు తెలియదా. అయినా బొట్టు లేని ఆ అరచెయ్యి మా ఇద్దరికీ ఎందుకో బోసిగానే కనిపించింది.